మీట్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం
న్యాయ సందేహాలు – సమాధానాలు

మా డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టులో రెండో సంవత్సరం కుర్రాడు మంచి రైడర్. హాస్టల్లో పక్క మంచం అబ్బాయి పర్సులోంచి 1,800 రూపాయలు తీశాడని ఫిర్యాదు వచ్చింది. చూసినవాళ్లు ఇద్దరున్నారంటున్నారు గాని, ముందుకు రావడం లేదు. ప్రిన్సిపాల్‌గారు టీసీ ఇచ్చి పంపేద్దామంటున్నారు. కరస్పాండెంట్‌గారేమో 'మీట్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం' అంటున్నారు. వచ్చేవారమే యూనివర్సిటీ మీట్. నేనేం చెప్పాలి?
– వ్యాయామ అధ్యాపకుడు, నరసరావుపేట

ఒకరికి కుర్రాణ్ని వదిలించుకోవాలని ఉంది, ఇంకొకరికి వాడుకోవాలని ఉంది. తీశాడా లేదా అన్న ప్రశ్న మాత్రం ఇద్దరూ వేసినట్టు లేదు. ముందు అది తేల్చండి. పద్దెనిమిది వందల సంగతి తేల్చడానికి నెలలు అక్కర్లేదు. ఆటలతో సంబంధం లేని ఇద్దరు అధ్యాపకులు, వార్డెన్ కూర్చుంటే రెండు రోజుల పని. మీరు ఆ కమిటీలో ఉండకండి. మీరు కుర్రాడి వైపు మాట్లాడినా, వ్యతిరేకంగా మాట్లాడినా జట్టు కోసమే అంటారు.

ఆరోపణ ఏమిటో కుర్రాడికి కాగితం మీద ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి ఒక రోజైనా ఇవ్వాలి. పరీక్షలో కాపీ కొట్టారన్న ఆరోపణ మీద కూడా విద్యార్థి మాట వినకుండా శిక్ష వేయకూడదని సుప్రీంకోర్టు 1962లోనే ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో చెప్పింది. ఇక సాక్షులు జంకడం సహజం. జట్టులో పేరున్నవాడి మీద, రోజూ అదే మెస్‌లో తింటూ, ఎవరు చెబుతారు? వాళ్లను విడిగా పిలిచి మాట్లాడండి. రాంచీ మెడికల్ కాలేజీ హాస్టల్ గొడవలో ఆడపిల్లల వాంగ్మూలాలను నిందితులైన విద్యార్థుల ఎదుట కాకుండా తీసుకున్నారు. ఆరోపణలు చెప్పి, జవాబు కూడా విన్నారు కాబట్టి ఆ విచారణ చెల్లుతుందని 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. సాక్షి పేరు దాచవచ్చు. సాక్షి ఏం చెప్పాడో మాత్రం నిందితుడికి చెప్పాలి.

మీట్ లోపల తేలకపోతే ఆడనివ్వండి. ఆరోపణ ఉన్నంత మాత్రాన దొంగ కాడు. తేలిందా, ఈ మీట్‌కే పక్కన పెట్టండి. మీట్ అయ్యాక వేసే శిక్ష ఎవరికీ తగలదు. కప్పు గెలిస్తే ఫ్లెక్సీలో అతని ఫొటోనే పెద్దదిగా ఉంటుంది, ఆ పక్కన నించుని డబ్బు పోయిన కుర్రాడు చప్పట్లు కొట్టాలి. జట్టు ఓడిపోతుందే అంటారు కరస్పాండెంట్‌గారు. రిజర్వు రైడర్‌ను అందుకే కదా పెట్టుకునేది.

టీసీ మాత్రం అన్యాయం. మీ ప్రాంతంలో కబడ్డీ ఆడే పిల్లల్లో చాలామందికి హాస్టల్ తిండే ఆధారమని నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఆట ఆపవచ్చు గాని మెస్, గది, క్లాసు ఆపడం తగదు. ప్రాక్టీసు కూడా ఆపకండి. నాలుగు నెలలు మ్యాట్ ఎక్కని ఆటగాడు తిరిగి రాడు, సాయంత్రాలు ఖాళీగా తిరిగేవాణ్ని మీరే తయారు చేసినవారవుతారు. డబ్బు కట్టించండి, ఈ మీట్ పోగొట్టండి, ఈ సెమిస్టర్‌కి కెప్టెన్ పదవి లాంటిదేమైనా ఉంటే తీసేయండి, గ్రౌండులోనో లైబ్రరీలోనో ఇరవై గంటల పని చెప్పండి. నేనైతే అక్కడితో ఆపుతాను. అన్నిటికంటే ముఖ్యం, శిక్ష ఏ తారీఖుతో అయిపోతుందో ఉత్తర్వులోనే రాయండి.

పోలీసు స్టేషన్‌కి పంపాలా అని మీరు అడగలేదు గాని, ఎవరో ఒకరు అడుగుతారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, పోయినది ఐదు వేల రూపాయల లోపైతే, మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే, వేసే శిక్ష సమాజ సేవ. జైలు లేదు. అయితే ఒక చిక్కుంది. నివాసంలో జరిగే దొంగతనానికి వేరే సెక్షన్, 305, ఉంది. దాని కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు, సమాజ సేవ అనే వెసులుబాటు అందులో లేదు. హాస్టల్ గది మనుషులు నివసించే చోటే కదా అని స్టేషన్‌లో ఎవరైనా ఆ సెక్షన్ రాస్తే, పద్దెనిమిది వందలు కాస్తా పెద్ద కేసవుతుంది. అప్పుడు కూడా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలే అధికారం కోర్టుకు ఉంది. ఇరవై ఒక్కేళ్లు నిండనివాణ్ని జైలుకు పంపాలంటే కారణాలు రాయాల్సిందే. కానీ అక్కడిదాకా వెళ్లేసరికి కుర్రాడు రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడా కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసొస్తుంది. ఆ ఫారంలో కేసులున్నాయా అన్న గడి ఉంటుంది. చిన్న వయసులో చేసిన చిన్న తప్పును యజమాని చూసీ చూడనట్టు వదిలేయవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. వదిలేయవచ్చు అంది గాని, వదిలేసి తీరాలి అనలేదు. ఫిర్యాదు చేసే హక్కు డబ్బు పోయిన అబ్బాయిది. అతన్ని వద్దని ఒత్తిడి చేయకండి. మీ అంతట మీరు పరిగెత్తకండి.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, స్పోర్ట్స్ అకాడమీలో 400 మీటర్ల పరుగు. వయసు పదిహేడు. తోటి పిల్ల డబ్బు పోయిందని వార్డెన్ మేడమ్ రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, 'నేనే తీశాను' అని రాయించుకున్నారు. ఆ కాగితం ఫొటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా పిల్ల తీయలేదంటోంది.
– పేరు వద్దన్న తల్లి, కరీంనగర్

అమ్మా, ఆ కాగితానికి ఏ విలువా లేదు. బెదిరించో ఆశ పెట్టో అధికారంలో ఉన్నవారు రాయించుకున్న ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కాలేజీ విచారణ కూడా దాని మీద నిలబడకూడదు. రాత్రి పదకొండు దాకా నిద్ర లేకుండా ఒంటరిగా కూర్చోబెడితే పదిహేడేళ్ల పిల్ల ఏదైనా రాస్తుంది. మీరు ఈ రోజే ఆమె చేత, ఏ పరిస్థితుల్లో రాయాల్సి వచ్చిందో ఇంకో కాగితం రాయించి, తారీఖు వేసి, ప్రిన్సిపాల్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రూపులోని ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచి, తర్వాత తీసేయమని రాతపూర్వకంగా అడగండి.

పద్దెనిమిది నిండనివారి విషయంలో చట్టం ఇంకా జాగ్రత్త పడుతుంది. ఒకవేళ నిజంగానే తప్పు జరిగి, జువైనల్ బోర్డు దాకా వెళ్లినా, 2015 చట్టం ప్రకారం ఇలాంటి కేసు ఆమె ముందు ముందు చదువుకో ఉద్యోగానికో అడ్డం కాకూడదు. పేరు, ఫొటో బయటపెట్టడం ఆ చట్టం ఒప్పుకోదు. బోర్డు చేయకూడని పని వార్డెన్ గ్రూపులో చేయవచ్చా? ఈ ప్రశ్న ప్రిన్సిపాల్‌ని అడగండి, గట్టిగానే అడగండి. సెలెక్షన్స్ నుంచి తప్పించారేమో కూడా కనుక్కోండి. తప్పిస్తే ఉత్తర్వు కాపీ కావాలనండి.

పేరున్న ఆటగాడికి మామూలు విద్యార్థి కంటే పెద్ద శిక్ష వేయాలని నేనంటాను. పదిమందికి ఆదర్శంగా ఉండాల్సినవాడు కదా. మీరేమంటారు?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, హనుమకొండ

మాస్టారూ, పెద్ద శిక్ష వద్దు, చిన్న శిక్షా వద్దు. ఆచరణలో జరిగేది మాత్రం మీరనుకునేదానికి తిరగబడి ఉంటుంది. 1999లో అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు పీటర్ వారిక్, లావరనియస్ కోల్స్ ఒకే దుకాణంలో, ఒకే రోజు, దాదాపు 412 డాలర్ల బట్టలకు 21 డాలర్ల చిల్లర కట్టి పట్టుబడ్డారు. ఇద్దరి మీదా ఒకే ఆరోపణ. కోల్స్‌ను జట్టులోంచి తీసేశారు. వారిక్ రెండు ఆటలు మానాడు. ఆ సీజన్ చివరి ఆటలో జట్టు జాతీయ ఛాంపియన్ అయింది, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు వారిక్. కోల్స్‌కి అంతకుముందే చిక్కులున్నాయి, ఆ తేడా నిజమే. అయినా వారిక్ దేశంలోకెల్లా మేటి ఆటగాళ్లలో ఒకడు కాకపోతే రెండు ఆటలతో పోయేదా అని అప్పట్లో అడగనివాళ్లు లేరు.

అదే యూనివర్సిటీలో 2014లో జేమిస్ విన్‌స్టన్ అనే ఆటగాడు సూపర్‌మార్కెట్ నుంచి 32 డాలర్ల పీత కాళ్లు, క్రాఫిష్ డబ్బు కట్టకుండా తీసుకెళ్లాడు. ఇరవై గంటల సమాజ సేవ. నాకది సరిపోయిన శిక్షే. బేస్‌బాల్ నుంచి కొద్ది రోజులు ఆపారు, అతని అసలు ఆట ఫుట్‌బాల్, దానికప్పుడు సీజన్ లేదు. ఇంకో సంగతి కూడా చూడండి. ఆ ఏప్రిల్‌లోనే, ఈ గొడవకు రెండు వారాల ముందు, కాలేజీ ఆటగాళ్లకు కావలసినంత తిండి పెట్టవచ్చని వాళ్ల సంఘం ఎన్‌సీఏఏ నియమం మార్చింది. అంతదాకా కోట్ల డాలర్ల ఆటలో ఆడే పిల్లలకు తిండి మీద లెక్కలుండేవి. దొంగతనానికి అది సాకని నేననను. తూకం వేసేటప్పుడు అది కూడా తక్కెడలో పడాలి.

2017లో అమెరికాలోనే యూసీఎల్‌ఏ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు ముగ్గురు చైనాలోని హాంగ్జౌ దుకాణాల్లో దొంగతనం చేసి దొరికిపోయారు. గడువు చెప్పకుండా సస్పెండ్ చేశారు. ఒకడి తండ్రి విసిగి కాలేజీ మాన్పించేశాడు. మిగతా ఇద్దరు ఆ సీజనంతా పోగొట్టుకుని, మరుసటి ఏడు తిరిగి ఆడారు. ఒక సీజన్ అని మొదటి రోజే చెప్పి ఉంటే మూడోవాడూ మిగిలేవాడేమో.

మా అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో చదువుతోంది. స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయలేదని పట్టుకున్నారు. తప్పు ఒప్పుకుంటే జరిమానాతో పోతుందంటున్నారు. కోచ్ జట్టు నుంచి పక్కన పెట్టాడు.
– ఒక తండ్రి, విజయవాడ

ఏదీ ఒప్పుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించండి. అక్కడి క్రిమినల్ లాయర్ చేతికి వచ్చిన తేలిక దారి చూపిస్తాడు, అది వీసాకు తేలిక దారి కాకపోవచ్చు. నేరం ఒప్పుకుని, కోర్టు ఏదైనా షరతు పెడితే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష కిందే లెక్క కట్టవచ్చు. దొంగతనాన్ని అక్కడ నైతిక పతనం ఉన్న నేరంగా చూస్తారు. ఒక్కసారి చేసిన చిన్న నేరానికి కొంత మినహాయింపు ఉంది గాని, అది ఆ రాష్ట్రంలో గరిష్ఠ శిక్ష ఎంతో, ఎంత శిక్ష వేశారో చూసి చెప్పాలి. ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపించే ప్రమాదముంటే ఆ సంగతి కక్షిదారుకు చెప్పడం లాయర్ బాధ్యతని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పేరు చెప్పి అడగమనండి.

జట్టులోంచి తీసినంత మాత్రాన వీసా పోదు, పూర్తిస్థాయి విద్యార్థిగా నమోదై ఉండాలి. భయమల్లా స్కాలర్‌షిప్ గురించి. చదువుకునే సంవత్సరం మధ్యలో దాన్ని రద్దు చేయాలంటే కోచ్ కోపం చాలదు. తీవ్రమైన దుష్ప్రవర్తన అని యూనివర్సిటీ మామూలు క్రమశిక్షణ విభాగం తేల్చాలి, ఆటల విభాగానికి బయట విచారణ కోరే హక్కు అమ్మాయికి ఉండాలి. కోచ్ నోటిమాటగా చెప్పినదాన్ని ఈమెయిల్‌లో రాయమని మర్యాదగా అడగమనండి. స్కాలర్‌షిప్ తగ్గిస్తున్నామనో రద్దు చేస్తున్నామనో ఉత్తరం వస్తే, అప్పీలుకు ఎన్ని రోజులిచ్చారో అందులోనే ఉంటుంది, ముందుగా అది చదవమనండి.