సార్వా చేలో బావురుకప్పకు ఓ మూల

దమ్ము చేస్తున్న మండపేట రైతులు చేలో పల్లం మూల ఒకటి చూసి పెట్టుకోండి. చేను ఆరగట్టినా అక్కడ జానెడు నీరు నిలిచేలా నాలుగు పారల మట్టి తీస్తే చాలు. తొలకరి వానలకు మగ బావురుకప్ప ఒళ్లు పసుపుపచ్చగా తిరిగి, గొంతు కింద రెండు నీలం తిత్తులు ఉబ్బించి అరిచేది ఇప్పుడే. గుడ్డు పొదిగి, తోకకప్పకు తోక ఊడి గట్టెక్కడానికి సుమారు నెల పడుతుంది. ఈలోగా పిలకల కోసం నీళ్లు తీసేస్తే తోకకప్పలన్నీ బురదలోనే ఎండిపోతాయి. ఆరగట్టడం మానమని కాదు, పంటకు అది మంచిదే. అందుకే ఆ మూల.

ప్రపంచం మొత్తమ్మీద చూస్తే ఈ కప్ప అంతరించే జాబితాలో లేదు. కానీ ఒకప్పుడు దీని కాళ్లు కోసి ఏటా వేల టన్నులు విదేశాలకు పంపారు. 1985లో అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ వచ్చింది, 1987లో మన ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు దానికి చేటు గుళికలతో, పూడ్చేసిన గుంటలతో.

గుళికల పని నారుమడిలోనే ముగించండి. నారు తీయడానికి వారం ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3జి పలచటి నీటిలో చల్లి, ఆ నీరు బోదెలోకి పోకుండా కట్టండి. నాటేటప్పుడు నారు కొనలు తుంచితే కాండం తొలిచే పురుగు గుడ్లు వాటితోనే పోతాయి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి.

కప్పే వరిలోని సుడిదోమను తుడిచేస్తుందని చెప్పను. పురుగులతో పాటు చిన్న ఎండ్రకాయలనూ ఎలుకపిల్లలనూ మింగుతుంది, అంతవరకే దాని సాయం. అండమాన్‌కు చేరిన ఇదే కప్ప అక్కడ కోడిపిల్లలనూ తిని బెడదైంది. కోళ్ల ఊరైన మండపేటలో ఈ మాట గుబులు పెడుతుందేమో, జాలీ ఉన్న షెడ్డుకు భయం లేదు. చేపపిల్లల తొట్లున్నవాళ్లు మాత్రం తోకకప్పల్ని రానివ్వకండి, అవి మాంసాహారులు.

దుబ్బు విడదీసి తట్టి, నీళ్లలో పడ్డ దోమల్ని లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనాక 20-25 దాటితేనే మందు. అదీ దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. సింథటిక్ పైరిత్రాయిడ్లు వద్దే వద్దు, వాటితో దోమ మళ్లీ పెరుగుతుంది. రాత్రి టార్చిలైట్లతో కప్పలు పట్టేవాళ్లను చేలో దిగనివ్వకండి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.