‘సశేషము’ – తరువాయి కథలను గూర్చి యొక పాఠము

పత్రికలలో పెద్దకథలు భాగభాగములుగా వెలువడుట విద్యార్థులెల్లరు నెరిగినదే. ప్రతి భాగము చివరను ‘సశేషము’ అను మాట యుండును. దానిని చూచి యొక చదువరి “అప్పుడే ముగిసినదా!” యని వగచును. మఱియొకడు పుట త్రిప్పి తిరిగి యా కథ జోలికి పోడు. ఒకే మాట యిద్దరియందు నింత భేదమును కలిగించుటకు కారణమేమి? లిఖితపత్రికలకు కథలు వ్రాయు బాలబాలికలు మొదటి భాగమును ఉత్సాహముతో వ్రాసి, రెండవదానిని కష్టముతో ముగించి, మూడవదానిని వ్రాయకయే విడుచుట తఱచుగా జరుగుచున్నది. కావున నీ విషయమును విచారించుట వారికి ఉపయుక్తమని తలచితిమి.

పుస్తకము చేతనున్నవాడు విసుగు పుట్టిన రెండు పుటలను దాటి ముందునకు పోగలడు. తరువాయి కథను చదువువానికి అట్టి సదుపాయము లేదు. వాడు వారమో మాసమో వేచియుండవలయును. ఆ నడుమ వానికి పనులుండును, వ్యాధులుండును, వేఱు కథలును ఉండును. మన యూళ్లలో బుఱ్ఱకథను కొన్ని రాత్రులు వరుసగా చెప్పునపుడు కథకుడు శ్రోతల ముఖములు చూచుచునే యుండును. కునుకుపాటు కనబడినచో వంతపాటగాని చేత నొక హాస్యము పలికించును. పత్రికలో వ్రాయువానికి శ్రోతల ముఖములు కనబడవు. కావున చదువరి మనస్సును ముందుగనే యూహించి వ్రాయుట వాని ప్రథమధర్మము.

ఈ విద్యయందు ఆంగ్ల నవలాకారుడైన చార్లెస్ డికెన్సు కంటె మంచి యుపాధ్యాయుడు దొరకుట యరుదు. ఆయన పెద్ద నవలలన్నియు మాసభాగములుగనో వారభాగములుగనో వెలువడినవే. ఆయన జయములనుండియే కాక తొట్రుపాటులనుండియు మనము నేర్చుకొనదగినది కలదు.

1836వ సంవత్సరమున ‘పిక్విక్ పేపర్సు’ అను కథ మాసమున కొక భాగము చొప్పున, భాగము ఒక షిల్లింగు వెలకు, వెలువడనారంభించెను. మొదటి భాగమునకు బైండరు 400 ప్రతులనే సిద్ధపఱచెనని డికెన్సు మిత్రుడును చరిత్రకారుడునైన ఫార్‌స్టరు వ్రాసియున్నాడు. పదునైదవ భాగము నాటికి ఆ సంఖ్య 40,000 దాటెను. ఈ మార్పు దేనివలన కలిగెను? కత్తులు దూయుటవలనను కాదు, రహస్యములు దాచుటవలనను కాదు. నాలుగవ భాగమున ఒక సత్రములో బూట్లు తుడుచు సేవకుడు ప్రవేశించెను. వాని పేరు శామ్ వెల్లరు. వాని చమత్కారమైన మాటలును, యజమానునిపై వానికి గల నిష్కపటమైన భక్తియును జనులను ఆకర్షించెను. “తరువాత నేమి జరుగును?” అని కాక, “శామ్ ఈ మాసమున నేమనును?” అని వారు ఎదురుచూచిరి. కుతూహలము చదువరిని ఒక మాసము నిలుపగలదు. ప్రేమించిన పాత్ర వానిని ఇరువది మాసములు నిలుపగలదు. ఇది మొదటి సూత్రము.

1840లో ఆయన ‘మాస్టర్ హంఫ్రీస్ క్లాక్’ అను వారపత్రికను స్థాపించెను. మొదటి సంచిక యించుమించుగా 70,000 ప్రతులు అమ్ముడుపోయెను. అయితే అందు విడివిడి కథలును ముచ్చటలును మాత్రమే యున్నవనియు, కొనసాగు కథ లేదనియు తెలిసినవెంటనే కొనువారు తగ్గిపోయిరి. డికెన్సు దీనిని గ్రహించి, అందులో నొక చిన్నకథను పెంచి ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాపు’ అను నవలగా జేసెను. తాతగారిని వెంటబెట్టుకొని ఊరూరు తిరుగు నెల్ అను బాలికయే దానికి ప్రాణము. అమ్మకము లక్ష ప్రతులకు చేరెను. ఆ బాలికను చంపవలదని చదువరులు గ్రంథకర్తకు జాబులు వ్రాసిరి. పేరుగల రచయితయైనను చదువరికి ఒక దారి చూపనిదే వాడు వెంటరాడు. “ఈ కథ యెచ్చటికో పోవుచున్నది, దానితో నేనును పోవుదును” అను నమ్మకము వానికి మొదటనే కలుగవలయును. ఇది రెండవ సూత్రము.

మూడవ సూత్రమును ఆయన కష్టములోనుండి నేర్చుకొనవచ్చును. 1843లో ‘మార్టిన్ చజిల్విట్’ వెలువడుచుండగా కొనువారు తగ్గి, ఇరువదివేలకు కొంచెము మించి మాత్రమే యుండిరి. అపుడాయన కథానాయకుని హఠాత్తుగా అమెరికాకు పంపెను. క్రొత్త దేశము, క్రొత్త వింతలు! అయినను ఫార్‌స్టరు లెక్కప్రకారము పెరిగినవి మూడువేల ప్రతులు మాత్రమే. కథ చప్పబడినపుడు నాయకుని దూరదేశమునకు పంపుట, అగ్నిప్రమాదము కల్పించుట, తప్పిపోయిన కవలసోదరుని రప్పించుట అల్పరచయితలకు అలవాటు. బయటినుండి తెచ్చిన వింత కొంతకాలమే పనిచేయును. కథలోనుండి పుట్టిన మలుపు మాత్రమే నిలుచును.

అట్టి మలుపు ఎట్లుండునో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ అను నవల చూపును. 1860లో డికెన్సు నడుపుచుండిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అను వారపత్రికలో చార్లెస్ లీవరు వ్రాయుచుండిన ‘ఎ డేస్ రైడ్’ అను కథ చదువరులను నిలుపలేకపోయెను. పత్రిక అమ్మకము పడిపోవుచుండెను. డికెన్సు తాను మాసభాగములుగా వ్రాయదలచిన కథను వారభాగములుగా మార్చి, 1860 డిసెంబరు 1వ తేదీన ఆరంభించెను. అది 1861 ఆగస్టు 3వ తేదీ వరకు 36 వారములు నడిచి, పత్రికను నిలిపెను.

ఆ మొదటి వారపు భాగమును పరీక్షింతము. తల్లిదండ్రులు లేని పిప్ అను బాలుడు శ్మశానములో ఉండగా, సంకెలతో పారిపోయివచ్చిన ఖైదీ వానిని పట్టుకొని, ఆహారమును ఆకురాయిని తెమ్మని బెదిరించును. బాలుడు ఇంటికిపోయి, రాత్రియంతయు భయముతో గడిపి, తెల్లవాఱుజామున అక్కగారి యింట ఆహారమును దొంగిలించి, మంచుక్రమ్మిన బీడుభూములవైపు పరుగెత్తును. భాగము అచ్చట ముగియును. ఇందు రెండు సంగతులను గమనింపవలయును. మొదటిది: ఆ వారము చదివినవానికి కడుపునిండ భోజనము దొరికినది. భయము, జాలి, అక్కగారి యింటి హాస్యము అన్నియు కలవు. రెండవది: బాలుడు దొరకిపోవునా యను ప్రశ్న మిగిలినది. తృప్తియు ఆకలియు ఒకేసారి కలుగవలయునేగాని, తృప్తినీయక ఆకలిని మాత్రమే పెంచుట మోసము. ఇంతేకాదు; ఆ ఖైదీ చాల వారముల పిదప తిరిగివచ్చి, పిప్ అనుభవించిన సంపదయంతయు తానిచ్చినదేయని తెలుపును. చదువరి యించుమించుగా మఱచిన ఋణమును గ్రంథకర్త మఱువలేదు.

ఇట్టి జ్ఞాపకశక్తి కేవలము దైవదత్తము కాదు, శ్రమసాధ్యము. 1846లో ఆరంభించిన ‘డాంబీ అండ్ సన్’ మొదలుకొని డికెన్సు తన మాసనవలలలోని ప్రతి భాగమునకు నొక కాగితమును రెండుగా విభజించి, ఎడమప్రక్కను తనకు తాను వేసికొన్న ప్రశ్నలను, కుడిప్రక్కను అధ్యాయముల క్రమమును వ్రాసికొనెడివాడు. ఈ పాత్రను ఇప్పుడు తేవలెనా, తరువాత తేవలెనా యని ఎడమప్రక్కను ప్రశ్నించుకొని, అచ్చటనే ప్రత్యుత్తరమును వ్రాసికొనెడివాడు. ఉపాధ్యాయులు పాఠమునకు ముందు పాఠపథకమును సిద్ధపఱచుకొనుట వంటిదే యిదియును.

చదువరికి ఒక సంచిక తప్పిపోయినచో గతి యేమి? ఈ చిక్కునకు ఆర్థర్ కానన్ డాయిలు వేఱొక యుపాయము కనిపెట్టెను. సంచిక తప్పిన చదువరికి తరువాయి కథయందు ఆసక్తి పోవునని తలచి, పాత్ర యొకడే యైనను ప్రతి మాసము కథ సంపూర్ణముగా ముగియునట్లు ఆయన 1891 జూలై మొదలు ‘స్ట్రాండ్’ మాసపత్రికలో షెర్లాక్ హోమ్సు చిన్నకథలను వ్రాసెను. తరువాయి కథ వ్రాయువారు దీనినుండి గ్రహింపదగినదేమనగా: ప్రతి భాగారంభమున పాత సంగతిని రెండు వాక్యములలో, పాత్రల సంభాషణద్వారా, స్మరింపజేయుట మేలు.

మన భాషయందును ఈ మార్గము పాతదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికయందు భాగములుగా వెలువడనారంభించి, 1880లో పుస్తకమాయెను. గోల్డ్‌స్మిత్తు రచించిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దానికి ప్రేరణ. అయినను ధవళేశ్వరములోని ఇల్లు, ముఖస్తుతి చేయువారి చేతులలో కరగిపోవు ఆస్తి, మూఢనమ్మకములచే చెడు కుటుంబము తెలుగువానికి పొరుగింటి సంగతులే. పొరుగింటివారి కష్టము ఏమాయెనో తెలిసికొనక యెవడు ఊరకుండును?

కడపటి సూత్రము నమ్మకము. 1837 మే నెలలో డికెన్సు భార్యయొక్క చెల్లెలు పదునేడవయేట హఠాత్తుగా మరణించెను. దుఃఖముచేత ఆయన జూన్ మాసపు పిక్విక్ భాగమును వ్రాయలేకపోయెను. తరువాతి భాగములో చదువరులకు కారణము తెలిపి, కథను కొనసాగించి, ఆ నవంబరులో ముగించెను. ఆటంకము ఎవనికైనను రావచ్చును. చెప్పక మానుట వేఱు, చెప్పి తిరిగివచ్చుట వేఱు. 1870 జూన్ 9వ తేదీన ఆయన మరణించునాటికి ‘ఎడ్విన్ డ్రూడ్’ పండ్రెండు భాగములలో ఆరు మాత్రమే పూర్తియైనవి. ఎడ్విను ఏమాయెనో యని నేటికిని చదువరులు వాదించుచునే యున్నారు. మృత్యువు తప్ప మఱేదియు ఆయనచేత పెద్ద కథను సగములో విడిపింపలేదు.

విద్యార్థులారా, తరువాయి కథను ఆరంభింపకమునుపే దాని ముగింపును ఒక కాగితముమీద వ్రాసికొనుడు. రెండు భాగములు చేత సిద్ధముగా నున్నపుడే మొదటిదానిని ప్రకటింపుడు. జనులు ప్రేమింపదగిన మనుష్యుని నొకని సృజింపుడు. ప్రతి భాగమునను కొంత యిచ్చి కొంత మిగుల్పుడు. చెప్పినదినమున భాగము నందింపుడు. కథ ముగియవలసినచోట, చదువరులు ఇంకను కోరుచుండగనే, ముగింపుడు. ‘సశేషము’ అనునది గ్రంథకర్త చదువరికి వ్రాసియిచ్చు ఋణపత్రము. చదువరి దానిని నమ్మి తన కాలమును ముందుగా నిచ్చుచున్నాడు. ఒకసారి పోయిన కాలమును తిరిగి యిచ్చువారు లేరు గనుక, ఆ ఋణమును కథారూపమున తప్పక తీర్చుటయే మన విధి.