ఎదుటివాళ్ల పాత్ర ఎదుటివాళ్లదే

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మడికి పెద్దమామయ్య ఆశీస్సులు.

డిస్కార్డులో మీరంతా కలిసి రాసుకుంటున్న రాజుల కథలో గొడవైందనీ, నీ దళపతిని ఒకబ్బాయి నిన్నడక్కుండానే చంపేశాడనీ అమ్మ చెప్పింది. ఆటే కదా అని నేననను. నెలల తరబడి మనసు పెట్టి పెంచిన పాత్ర అది.

మీరాడేదీ ఒకరకం నాటకమే. మన ఊరికి నాటకం కొత్త కాదు. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి బృందం బళ్లారి నుంచి వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలాడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఏడాదే సుగుణ విలాస సభ పెట్టారు. వకీళ్లూ ఉద్యోగులూ పగటి పనులు చూసుకుని అందులో వేషాలు కట్టేవారు. వాళ్లకు గొంతుంది, ముఖముంది, తోటి నటుడు తడబడితే కంటితో సైగ చేసే వీలుంది. మీకున్నవి అక్షరాలే. అందుకే మీకు మర్యాద ఇంకాస్త ఎక్కువ కావాలి.

నీ పాత్ర చేసే పని రాయి, ఫలితం ఎదుటివాళ్లకు వదిలెయ్. "కత్తి విసిరాను, నీ రాజు చెయ్యి తెగిపడింది" అంటే అవతలివాళ్లకు రాయడానికేం మిగిలింది? "రాజు భుజానికి గురిచూసి కత్తి విసిరాను" అని ఆపు. తప్పుకోవాలో, డాలు అడ్డుపెట్టాలో, దెబ్బ తినాలో వాళ్లే తేల్చుకుంటారు. చావో అవమానమో రాయాల్సొస్తే ముందే విడిగా అడగాలి.

అడగకపోతే ఏమవుతుందో విను. 1993లో లాంబ్డామూ అనే, అక్షరాలతోనే నడిచే ఆన్‌లైన్ లోకంలో ఒకడు ఇతరుల పాత్రలు నీచమైన పనులు చేస్తున్నట్టు, వాళ్ల ప్రమేయం లేకుండా రాశాడు. ఎవరి ఒంటి మీదా గాయం లేదు. అయినా అతన్ని నిలదీస్తూ రాస్తున్నప్పుడు తన కళ్ల వెంట నీళ్లు కారాయని ఒకామె తర్వాత చెప్పింది. జూలియన్ డిబెల్ అనే రచయిత ఆ సంగతి పత్రికకెక్కించాడు. ఆ గొడవ తర్వాతే అక్కడ సభ్యులు ఓటేసి కట్టుబాట్లు పెట్టుకునే పద్ధతి వచ్చింది. మీరు మాత్రం గొడవలు ముదరకముందే కట్టుబాట్లు పెట్టుకోండి.

పిలుపు దగ్గరా జాగ్రత్త. కథలో రాజు బంటును "ఒరేయ్" అంటాడు. బంటును రాసేది నీకంటే పెద్దావిడ కావచ్చు. కథ బయట ఆవిడ నీకు "మీరే". బయటి మాటను జంట బ్రాకెట్లలో పెడితే ఏది ఎవరి మాటో తెలుస్తుంది.

చెన్నైలో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు. అందులో "పడు"కీ "పాడు"కీ తేడా పోతుంది. కోపం తెచ్చుకునే ముందు "ఇలాగేనా అన్నది?" అని అడుగు. పరీక్షలుంటే చెప్పి వెళ్లు. చెప్పకుండా మాయమైతే నీ వంతు కోసం అందరూ ఆగిపోతారు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. కథ వంకతో ఎవరైనా నీ ఫోటో, ఫోన్ నంబరు అడిగినా, నీకిష్టం లేని దృశ్యం రాయమని బలవంతపెట్టినా వెంటనే ఆపెయ్. మోడరేటరుకు చెప్పు, అమ్మకూ చెప్పు. ఆట చెడగొట్టావంటే అననీ.

ఇక ఆ అబ్బాయికి విడిగా రాయి: "నన్నడక్కుండా నా పాత్రను చంపావు, బాధేసింది. ఆ భాగం తిరగరాద్దామా?" తిట్లు వద్దు, నలుగురిలో పంచాయితీ వద్దు. ఒప్పుకుంటే కథ కొనసాగించు. కాదంటే నీ దళపతిని వెంటబెట్టుకుని మర్యాద తెలిసినవాళ్ల బృందంలో చేరు. అతని చావుబతుకులు తేల్చాల్సింది నువ్వే.

ఇట్లు,
పెద్దమామయ్య