కరగని మందు

మందు కడుపులో పడినంతమాత్రాన రోగికి మేలు కలుగదు. అది జీర్ణరసంలో కరగాలి; కరిగినదే రక్తంలో చేరుతుంది. విజయనగరానికి చేరువలో, జాతీయ రహదారి పక్కన ఉన్న పైడిభీమవరంలో మూలౌషధాలు తయారుచేసే కర్మాగారాలున్నాయి. మూలౌషధమంటే మాత్రగా మారని మందు. అటువంటి వాటిలో నీటికి లొంగనివి ఎన్నో! స్ఫటికంలోని అణువులు ఒకదానినొకటి విడవకపోవడం అందుకు ఒక కారణం.

హెచ్‌.ఐ.వి. రోగులకిచ్చే రిటోనావిర్ సంగతి చూడండి. 1998లో అది అంతకుముందెరుగని, మరింత తక్కువగా కరిగే స్ఫటికరూపం దాల్చింది. అణువు అదే, అమరిక మాత్రమే వేరు. అయినా ఆ గుళికలను అంగళ్ల నుండి వెనక్కు తీసుకోవలసివచ్చింది.

ఈ చిక్కుకు ఒక ఉపాయం హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూజన్. దీనికి చక్కని తెలుగు పేరు ఇంకా కుదరలేదు. మన జంతికల గొట్టం వంటిదే ఈ యంత్రం. అయితే ఇది ఒత్తడమే కాక, వేడిచేసి కలుపుతుంది కూడా. నీటిలో కరిగే పాలిమరుతో మందును చేర్చి వేడిచేస్తే, జంట మరలు రెంటినీ మెదిపి ముందుకు నెడతాయి. వెలువడిన ముద్ద చల్లారేసరికి మందు అణువులు పాలిమరు నడుమ చెదరి నిలిచిపోతాయి. తిరిగి స్ఫటికం కట్టడం వాటికి కష్టం. పటికబెల్లం పలుకుకూ, గాజులా గడ్డకట్టిన పాకానికీ ఉన్న భేదమే ఇది. వేడికి చెడిపోయే మందులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

లోపినావిర్, రిటోనావిర్ కలిసిన మాత్రను ఇలాగే రూపొందించగా, 2005లో అమెరికా అనుమతించింది. అంతకుముందు రోజుకు 6 గుళికలు. వాటిని చల్లని చోట దాచాలి. మాత్రలైతే 4 చాలు, ఫ్రిజ్ అక్కరలేదు. ఎండకాసే పల్లెలోని రోగికి ఆ రెండో సౌకర్యమే పెద్దది.