ఎరిగి కోసిన కూర

చదువవలసిన భాగము: 2 రాజులు 4:38–41

గిల్గాలులో కరవు కలిగినప్పుడు ఎలీషా పెద్ద కుండ పొయ్యిమీద పెట్టించెను. కూరాకులకై పొలమునకు వెళ్లిన ఒకడు అడవి తీగె కాయలు ఒడినిండ కోసికొని వచ్చి, అవి ఎట్టివో ఎరుగకయే తరిగి కుండలో వేసెను. తినువారు విషమని కేకలు వేసిరి. దేవుడు తన సేవకుని ద్వారా వారిని కాపాడెను. అయినను పాఠము మనకున్నది: పొలములో ఆకు ఉండుట చాలదు, దానిని ఎరిగినవారు ఇంటిలో ఉండవలెను.

1. మనకు ఇయ్యబడినది. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియాయెను. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. కాలువనీటివలన మన డెల్టాలో వరి ప్రధానమాయెను. వరి అన్నమిచ్చును గాని కూర ఇయ్యదు. కూర ఇచ్చినవి కాలువగట్టున పొన్నగంటి, చేనిలో గంగవావిలి, పెరటిలో మునగ, అవిసె, కంచెమీద బచ్చలి. మునగాకులో ఇనుము కలదు. రక్తము తక్కువైన తల్లులకు అది మేలైన ఆహారము.

2. మనము పోగొట్టుకొనుచున్నది. నేడు గట్లమీద కలుపుమందు చల్లుచున్నారు. పెరడులు సిమెంటు గచ్చులగుచున్నవి. మా సంఘములలో పొన్నగంటి చూపి పేరడిగినయెడల అవ్వ చెప్పును, మనుమరాలు చెప్పలేదు. తుపానుకు దారులు తెగి బజారు కూర రాని దినమున ఆ ఇల్లు ఏమి వండుకొనును? జహీరాబాదు ప్రాంతములో పాత విత్తనములను కాపాడిన పేద స్త్రీల సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించెను. వారిలో అనేకులు బడి చదువు లేనివారు. అవ్వల తెలివి చిన్నది కాదని దీనివలన గ్రహింతము.

3. మనము చేయవలసినది. తొలకరికి ముందు మూడడుగుల మునగకొమ్మ నాటుడి. మన నల్లనేలలో నీరు నిలిచినచో వేరు కుళ్లును గనుక మట్టి ఎత్తుచేసి నాటవలెను. పొన్నగంటి కాడలు తడినేలలో గుచ్చిన చాలును. మందు చల్లిన గట్టునను, మురుగుకాలువ ప్రక్కనను కోయకుడి. ఉమ్మెత్త వంటి విషపు ఆకులు కూడ అక్కడనే మొలచును. నిశ్చయముగా తెలియని ఆకు కుండలో వేయరాదు.

ఇంట కూర్చుండునప్పుడును త్రోవ నడచునప్పుడును పిల్లలకు నేర్పవలెనని ద్వితీయోపదేశకాండము 6:7 దేవుని మాటలనుగూర్చి చెప్పుచున్నది. దేవుడిచ్చిన ఆహారమునుగూర్చియు అట్లే నేర్పుదము. ఈ నెలలో ఒక ఆదివారము ఆరాధన తరువాత, వృద్ధులగు తల్లులు సండేస్కూలు పిల్లలను గట్టువెంబడి నడిపించి, ప్రతి ఆకు పేరును వారిచేత పలికింతురు గాక.

ఆలోచించుడి: మీ పిల్లలు ఎన్ని కూరాకులను చూచి గుర్తుపట్టగలరు?