పాల బండి సంరక్షణ: పాత పికప్‌ను మన చేతులతో కాపాడుకొనే విధం

వెన్న శాతం పరీక్ష, పశువుల మేత, లెక్కల పుస్తకాల గురించి పాఠాలు మనకు అలవాటే. ఈసారి పాఠం ఆ పాలను మోసే బండి గురించి. బండి సంగతి డ్రైవరుదీ, మెకానిక్‌దీ గదా, సంఘానికెందుకని కొందరు అడగవచ్చు. అట్లా అనుకోవడం వల్ల ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను చదివింది సహకార డిప్లొమా. మెకానిక్ చదువు కాదు. ఈ పని మీద ఇష్టం కొద్దీ షెడ్డుల్లో నిలబడి, చేతులు మసి చేసుకొని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

1. బండికీ పాలకూ సంబంధం

పిండిన పాలు పశువు శరీరపు వెచ్చదనంతో, అంటే సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడి చాలా అనువైనది. కావున పిండిన 4 గంటల లోగా పాలను 4 డిగ్రీలకు చల్లబరచాలని మనం సభ్యులకు చెప్తూ ఉంటాం. డుంబ్రిగుడ వంటి కొండ మండలంలో ఈ 4 గంటలు ఇట్టే గడిచిపోతాయి. గూడేనికీ గూడేనికీ మధ్య ఎత్తుపల్లాలు, వానాకాలంలో పొంగే గెడ్డలు, శీతకాలంలో తెల్లవారుజామున కమ్ముకొనే మంచు. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగే ఘాట్ రోడ్డు సంగతి మీకు తెలిసిందే.

చిన్న సంఘానికి కొత్త బండి కొనే శక్తి ఉండదు. 15, 20 ఏళ్ల పాత పికప్‌తోనే నెట్టుకు రావాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు. 1947లో బొంబాయిలో మహీంద్రా వారు జీపుల కూర్పు మొదలుపెట్టిన నాటి నుంచి, 1986లో వచ్చిన టాటా 407, 1988లో వచ్చిన టాటామొబైల్ పికప్ వరకు, ఆ కాలపు బండ్లు చాలావరకు పానాలతో విప్పి బిగించుకోదగినవే. శ్రద్ధ పెట్టినవాడికి అవి లొంగుతాయి.

2. నేను సంతకం పెట్టిన పుస్తకం

సుమారు 20 ఏళ్ల క్రితం ఒక సంఘం తనిఖీ ముగించుకొని, వారి పాల పికప్‌లోనే ఘాట్ దిగుతున్నాను. వెనుక నిండు క్యాన్లు. అనంతగిరి దాటిన తర్వాత ఒక మలుపులో డ్రైవరు బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ పోయింది. అతను ధైర్యవంతుడు. గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు లాగుతూ, లోయ వైపు కాక కొండ వైపున్న మట్టి గట్టుకు బండిని రాసి ఆపాడు. క్యాన్లు దొర్లి పాలు రోడ్డు మీద పారాయి. మనుషులం మిగిలాం.

అరగంట తర్వాత పెడల్ మామూలుగానే పని చేసింది! కారణం తర్వాత షెడ్డులో తెలిసింది. బ్రేకు ఆయిల్ నల్లగా, చిక్కగా ఉంది. ఎన్నేళ్లుగా మార్చలేదో ఎవరికీ తెలియదు. ఆ పొద్దున నేను చూసిన ఖర్చుల పుస్తకంలో క్యాన్లు కడిగే సోడా దాకా పైసాతో సహా లెక్క ఉంది. బ్రేకు ఆయిల్ అనే మాట మూడేళ్ల పద్దుల్లో ఒక్కచోట కూడా లేదు. ఆ లోపం నేను పట్టలేదు. లెక్క సరిపోయిందని సంతకం పెట్టాను. ఆనాటి నుంచి ఏ సంఘానికి వెళ్లినా నగదు పుస్తకంతో పాటు బండి పుస్తకం కూడా అడుగుతున్నాను.

3. బ్రేకు ఆయిల్ ఎందుకు మోసం చేస్తుంది

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. ఘాట్‌లో ఎడతెగకుండా బ్రేకు మీద కాలుంచి దిగితే చక్రాల దగ్గర వేడి ఆ స్థాయికి చేరుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. కావున మన కాలి బలం చక్రానికి చేరదు. చల్లారితే బుడగలు పోయి పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. ఈ మోసం వల్లనే చాలామంది బాగైందనుకొని మరునాడు మళ్లీ బయలుదేరుతారు.

కావున రెండేళ్లకొకసారి, బాగున్నా సరే, బ్రేకు ఆయిల్ మార్చాలి. సీలు విప్పి చాలాకాలం ఉంచిన డబ్బా వాడరాదు. బండికి ఏ రకం చెప్పారో మూత మీద చూసుకోవాలి. ఇంజను ఆయిల్ పొరపాటున పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

4. డుంబ్రిగుడ షెడ్డు

డుంబ్రిగుడలో రేకుల పాకలో ఆదివారాలు కలిసే కొందరు మిత్రులున్నారు. ఒకరు రైతు, ఒకరు బడిలో అటెండరు, ఒకరు సంఘ కార్యదర్శి. ఎవరికీ ఇది వృత్తి కాదు, చేతి సరదా. సంఘపు పాత పికప్‌ను వారే చూసుకొంటారు. వారిలో పెద్దాయన నాతో ఒకసారి అన్నాడు: "ఇనస్పెక్టరు బాబూ, ఇంజను మొరాయిస్తే పాలే పోతాయి. బ్రేకు మొరాయిస్తే మనమే పోతాం. ముందు ఆపడం నేర్చుకుంటే, తర్వాత నడపడం చూసుకోవచ్చు." వారు పాటించే క్రమమే కింద ఇస్తున్నాను.

రోజూ బయలుదేరే ముందు, పది నిమిషాలు:

(అ) సమతలం మీద నిలిపి, ఇంజను చల్లగా ఉండగానే ఆయిల్ పుల్ల, రేడియేటర్ నీళ్లు, బ్రేకు ఆయిల్ మట్టం చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత విప్పరాదు.
(ఆ) రాత్రి బండి నిలిపిన చోట నేల చూడాలి. తడి మరక ఉంటే ఎక్కడిదో తేల్చకుండా కదలరాదు.
(ఇ) ఇంజను ఆపి ఉండగా బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, గట్టిగా అదిమి పట్టి స్టార్టు చేయాలి. పెడల్ కొద్దిగా దిగి ఆగితే బూస్టరు పని చేస్తున్నట్టు. అర నిమిషం అదిమినా ఇంకా కిందికి జారుతూ ఉంటే బండి కదలరాదు.
(ఈ) టైర్లలో గాలి, చక్రాల నట్లు, లైట్లు, హారన్, స్టెపినీ చూడాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు పనికిరాదు.

వారానికొకసారి: డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలాలి. ఫ్యాన్ బెల్టు పగుళ్లు, బిగువు చూడాలి. బ్యాటరీ టెర్మినల్స్ మీది తెల్లటి పొడి శుభ్రం చేయాలి. ముందు నెగటివ్ తీగ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. చలికాలపు తెల్లవారుజామున బండి మొరాయించడానికి నీరసించిన బ్యాటరీ, పనిచేయని హీటర్ ప్లగ్గులే తరచు కారణం.

నెలకొకసారి: కమాన్ కట్టల పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. కట్టల్లో విరిగిన పట్టీ ఉందా, యూ బోల్టులు వదులయ్యాయా చూడాలి. గతుకుల దారిలో ఇవి త్వరగా వదులవుతాయి.

పాలు ఒలికితే: పులిసిన పాల ఆమ్లానికి రేకు త్వరగా తుప్పు పడుతుంది. రోజూ సాయంత్రం తొట్టిని నీళ్లతో కడిగి, అడుగు రంధ్రాలు పూడకుండా చూడాలి. తుప్పును గీకి రెడాక్సైడ్ పూసి పైన రంగు వేయాలి. పాలు వాసనను త్వరగా పీల్చుకొంటాయి. క్యాన్లతో పాటు డీజిల్, కిరసనాయిలు, పురుగుమందు ఎన్నడూ వేయరాదు.

5. బ్రేకు ఆయిల్ మార్చే విధం

ఈ పనికి ఇద్దరు కావాలి. మొదటిసారి తెలిసిన మెకానిక్‌ను పక్కన ఉంచుకొని చేయాలి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన దేశపు బండ్లలో అది వెనుక ఎడమ చక్రం. తర్వాత వెనుక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి.

నిపిల్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొన సీసాలో కొద్దిగా పోసిన కొత్త ఆయిల్‌లో మునిగేటట్టు ఉంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, రెండోవారు నిపిల్ వదులు చేయాలి. ఆయిల్ వచ్చాక నిపిల్ బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. బుడగలు లేని తేట ఆయిల్ వచ్చేదాకా ఇట్లా చేయాలి. మధ్యలో పైడబ్బా ఖాళీ కాకుండా చూస్తూ నింపాలి. తీసిన ఆయిల్ మళ్లీ వాడరాదు. రంగు మీద పడితే వెంటనే కడగాలి.

6. ఘాట్ దిగేటప్పుడు

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవారున్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పంపు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. కాబట్టి న్యూట్రల్ వల్ల మిగిలేది లేదు, ఇంజను పట్టు మాత్రం పోతుంది. ఇంజను ఆపి దిగడం ఇంకా ప్రమాదం. బూస్టరుకు బలం ఇచ్చేది నడుస్తున్న ఇంజనే. గెడ్డ దాటిన తర్వాత నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి డ్రమ్ములను ఆరనివ్వాలి.

బరువు లెక్క కూడా కార్యదర్శి వేయాలి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. 20 క్యాన్లయితే పాలే సుమారు 820 కిలోలు. క్యాన్ల బరువు, మనుషుల బరువు కలిపి ఆర్.సి. పుస్తకంలో ఉన్న హద్దుతో పోల్చాలి. పైన ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకొనే అలవాటు మానాలి.

7. మనం చేయరానివి

జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరరాదు. చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, గట్టి దిమ్మెలు లేదా స్టాండ్ల మీద నిలపాలి. పాత మెకానికల్ పంపు బండిలో గాలి పట్టితే చేతి పంపుతో తీయవచ్చు. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ పీడనం 1000 బార్‌ల పైన ఉంటుంది. ఆ గొట్టాలు విప్పితే చర్మాన్ని చీల్చగలదు, వాటి జోలికి పోరాదు. స్టీరింగ్, బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, ఛాసిస్ పగుళ్లు అనుభవం గల మెకానిక్ పని.

ఈ సందర్భంలో ఒక సంగతి గుర్తు చేయాలి. 1949లో వర్గీస్ కురియన్ గారు ఆనంద్‌కు వచ్చిన కొత్తలో, అక్కడి ఖేడా జిల్లా పాల సంఘం పాత యంత్రాలతో అవస్థ పడుతూ ఉండేది. మెకానికల్ ఇంజనీరు కావడం చేత ఆయన వాటిని మాటిమాటికీ బాగుచేసి ఇచ్చేవారు. చివరికి వీటితో లాభం లేదు, కొత్త యంత్రం కొనండని త్రిభువన్‌దాస్ పటేల్ గారికి సలహా ఇచ్చారు. బాగుచేసే చేతికి ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. కట్టలు కూర్చునే చోట ఛాసిస్ తుప్పుతో చిల్లి పడితే అతుకు వేసి ఘాట్ దింపరాదు.

8. బండి పుస్తకం, బండి నిధి

ప్రతి బండికీ ఒక పుస్తకం ఉంచాలి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన సామాను, ఖర్చు, చేసినవారి సంతకం, మళ్లీ ఎప్పుడు చేయాలి అనే ఏడు గడులు చాలు. మార్చిన పాత సామాను కార్యవర్గానికి చూపిన తర్వాతే పారవేయాలి. ఫిట్‌నెస్, బీమా గడువులు మొదటి పుటలోనే రాయాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

ఖర్చుకు ఒక లెక్క చెప్తాను. రోజుకు 600 లీటర్లు మోసే సంఘం లీటరుకు 5 పైసల చొప్పున పక్కన పెడితే రోజుకు 30 రూపాయలు, ఏడాదికి 10,950 రూపాయలు. ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, బెల్టులకు ఇది ఊతం. మహాసభలో తీర్మానం చేసి విడి పద్దుగా ఉంచాలి.

ఆనాడు ఆ బండి నడిపిన డ్రైవరు ఇప్పటికీ ఎక్కడ కనిపించినా, "పుస్తకం చూశారా బాబూ?" అని నవ్వుతూ అడుగుతాడు. వచ్చే కార్యవర్గ సమావేశంలో మీ బండి పుస్తకం తెరిచి, బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. తేదీ కనిపించకపోతే మరునాటి ట్రిప్పుకు ముందే ఆ పని చేయించండి.

నెమరు వేసుకొనుటకు ప్రశ్నలు

1. వేడెక్కినప్పుడు జారిన పెడల్ చల్లారాక గట్టిపడితే బండి బాగైనట్టేనా? ఎందుకు?
2. నిపిల్ బిగించక ముందే పెడల్ వదిలితే ఏమవుతుంది?
3. న్యూట్రల్‌లో ఘాట్ దిగడం వల్ల నష్టమేమిటి?
4. మీ బండి మోయదగిన బరువెంత? నిన్న మోసిన బరువెంత?
5. మీ సంఘంలో బండి పుస్తకం ఎవరి వద్ద ఉంది?