ఆత్రం వేరు, ఆరాటం వేరు



తెలుగులో కోరిక మనిషికి కలుగుతుంది. 'నాకు కావాలి', 'వాడికి ఆశగా ఉంది', 'అమ్మకు చూడాలని ఉంది' అన్నప్పుడు మనిషి పక్కన 'కు' గాని 'కి' గాని చేరుతుంది, కోరిక వచ్చి అతనిమీద వాలుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. అక్కడ మనిషినే ఆ గుణంతో చెబుతారు: 'ఐ యామ్ ఈగర్', 'షి ఈజ్ కీన్'. ఈ తేడా పట్టుబడనివాళ్లు 'ఐ యామ్ హేవింగ్ ఇంట్రెస్ట్' అని రాస్తారు. అందులో మాటలు ఇంగ్లీషువే గాని వాక్యం మాత్రం 'నాకు ఆసక్తి ఉంది' అన్న తెలుగు వాక్యమే.

కోరికను చెప్పే ఇంగ్లీషు విశేషణాల్లో ముందు నేర్వవలసింది 'ఈగర్'. జరగబోయేదాని మీద ఉత్సాహం, అది ఎప్పుడొస్తుందా అన్న ఎదురుచూపు రెండూ ఇందులో ఉన్నాయి. గోదావరికి ఎర్రనీరు తగిలాక, సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పులస కోసం రేవులో నిలబడినవాడి మనసు అది. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అనే సీమలో ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. లాటిన్‌లో దీని మూలానికి పదును, పులుపు అని అర్థం. ఫ్రెంచివారు పులిసిన ద్రాక్షసారాయికి పెట్టిన 'వినెగర్' అన్న పేరులో ఉన్నదీ ఆ మూలమే.

'ఈగర్'కు 'ఆత్రం' అని అర్థం చెప్పి ఊరుకుంటే చాలదు. ఆత్రం 'ఆతురం' నుంచి వచ్చింది, సంస్కృతంలో ఆతురుడంటే రోగి. అందుకే తెలుగులో ఆత్రం అనగానే కొంచెం తొందరపాటు, కొంచెం నిలకడలేనితనం స్ఫురిస్తాయి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నది అందుకే. ఇంగ్లీషులో ఆ ఛాయ కావాలంటే 'ఓవర్ ఈగర్' అనాలి. ఉత్త 'ఈగర్'లో తప్పుపట్టే ధోరణి లేదు, దానికి 'ఉబలాటం' ఎంతో దగ్గరి మాట. 'ఈగర్' తర్వాత క్రియ వస్తే 'టు', నామవాచకం వస్తే 'ఫర్' రావాలి: 'ఈగర్ టు లెర్న్', 'ఈగర్ ఫర్ న్యూస్'. 'ఈగర్ ఇన్ లెర్నింగ్' తప్పు.

'కీన్'లో ఎదురుచూపు కన్నా నిలకడ ఎక్కువ. పాత ఇంగ్లీషులో ఈ మాటకు ధైర్యవంతుడని అర్థం, తర్వాత పదునైనది అన్న అర్థం వచ్చింది. కొబ్బరిబొండాం కొట్టే కత్తి అంచునూ ఇదే మాటతో చెప్పవచ్చు. ఆసక్తి ఒక విషయం మీద ఉంటే 'కీన్ ఆన్ మ్యూజిక్', పని చేయాలని ఉంటే 'కీన్ టు జాయిన్'. అమెరికావారి కన్నా బ్రిటిషువారి నోట ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది.

ఎక్కువమంది పొరబడేది 'యాంక్షస్' దగ్గర. దీని లాటిన్ మూలానికి నొక్కడం, గొంతు బిగించడం అని అర్థం. ఆ బిగింపు ఈనాటికీ మాటలోంచి పోలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన కోనసీమ రైతు, కోసిన పనలు చేలో ఉండగా అల్పపీడనం కబురు వింటే ఎలా ఉంటాడో తలుచుకుంటే ఈ మాట అర్థమవుతుంది. పంట ఏమవుతుందోనన్న భయం 'యాంక్షస్ అబౌట్ ది క్రాప్'. వాన పడేలోగా ధాన్యం ఇంటికి చేర్చాలన్న తపన 'యాంక్షస్ టు గెట్ ది పేడీ హోమ్'. రెండో వాక్యంలో కోరిక ఉన్నమాట నిజమే, కాని దాని వెనక గుబులు ఉంది. ఈ మాటకు సరిగ్గా సరిపోయే తెలుగు మాటలు ఆరాటం, తాపత్రయం. తాపత్రయం మొదట శాస్త్రపదం: ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అనే మూడు తాపాలు. వాడుకలో అది కుదురులేని ఆరాటమైంది. పండక్కి పుట్టింటికి వెళ్లే సంబరాన్ని 'యాంక్షస్' అంటే వినేవాడు అక్కడేదో జరిగిందనుకుంటాడు.

'ఎవిడ్' తరచు నామవాచకానికి ముందు వస్తుంది: 'ఎవిడ్ రీడర్' అంటే ఎంత చదివినా తనివి తీరనివాడు. 'ఆర్డెంట్' మూలం మంట, అభిమానానికీ భక్తికీ నప్పుతుంది. 'గ్రీడీ' ఆబకు, పేరాశకు చెల్లుతుంది, మెచ్చుకోలుగా వాడేది కాదు. 'డెస్పరేట్' అంటే మూలంలో ఆశ పోయినవాడు, వాడుకలో గత్యంతరం లేక తెగించినవాడు.

'విల్లింగ్' కోరిక కాదు, సమ్మతి. 'విల్లింగ్ టు వర్క్ ఇన్ చెన్నై' అంటే చెన్నై పంపినా అభ్యంతరం లేదని, వెళ్లాలని ఉబలాటపడుతున్నట్టు కాదు. 'డిజైరస్ ఆఫ్' కచేరీ కాగితాల్లో మిగిలిపోయిన పాతమాట, కొత్తగా రాసేవారికి దాని అవసరం లేదు. 'ఇంట్రెస్టెడ్' తర్వాత 'ఇన్' రావాలి. తెలుగులో ఆసక్తి ఒకదాని 'మీద' ఉంటుంది కాబట్టి చెయ్యి 'ఆన్' వైపు పోతుంది, అక్కడ ఆపుకోవాలి. 'ఎక్సైటెడ్' మనిషి, 'ఎక్సైటింగ్' విషయం. ఉద్యోగం గురించి సంబరపడుతూ 'ఐ యామ్ ఎక్సైటింగ్' అని రాస్తే అర్థమే మారిపోతుంది.

ఈ ఛాయలు ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చే నిఘంటువుల్లో కన్నా, తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేవాటిలో బాగా తెలుస్తాయి. రాజమండ్రిలోనూ కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది, ఇప్పటికీ దొరుకుతుంది. మనసులో ఉన్నది ఉబలాటమో ఆరాటమో ముందు తెలుగులో తేల్చుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు మాట వెతకడం మంచి పద్ధతి.

ఉద్యోగపు దరఖాస్తుకు 'కీన్ టు' చాలు. మరీ ఇష్టమైన కొలువైతే 'ఈగర్ టు' ఒక్కసారి రాయవచ్చు. 'యాంక్షస్', 'డెస్పరేట్' అందులో రాయకూడదు. కాగితం పంపేముందు ప్రతి విశేషణం తర్వాత ఏ చిన్నపదం వచ్చిందో మరొక్కసారి సరిచూసుకోవాలి.

ఇట్లు,
తాతయ్య,
రాజమహేంద్రవరం